తాడు వేయని గేదె

మా యూనివర్సిటీ పిల్లల జెర్సీ మీద ఇప్పుడొక నల్లటి దున్నపోతు బొమ్మ ఉంటుంది. ఎర్రటి కళ్ళు, ముక్కుల్లోంచి పొగ, అడ్డం వచ్చినవాణ్ణి ఎత్తి అవతల పారేసేలాంటి కొమ్ములు. పేపర్లో ఆ జెర్సీ కనిపించినప్పుడల్లా మా మనవరాలు "అమ్మమ్మా, మీ బుల్!" అని తెచ్చి చూపిస్తుంది. నాకు ఒళ్ళు మండుతుంది. అది దున్నపోతు కాదు, గేదె. పొగలు కక్కడం మాట దేవుడెరుగు, స్కూటరు హారన్ కొడితే పక్కకి తప్పుకుని, మనం వెళ్ళేదాకా మర్యాదగా నిలబడే మనిషి. మనిషి అని రాశానా? రాస్తే రాశాను, కొట్టెయ్యను.

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన పి.డి. అమ్మాయి ఒకతె అమలాపురంలో మా ఇంటికి వచ్చింది. పి.డి. అంటే ఫిజికల్ డైరెక్టరు. పిల్లల చేత ఆటలాడించే ఉద్యోగం, మిగతా లెక్చరర్లు తమలో కలుపుకోని ఉద్యోగం. నేనూ అదే చేసి రిటైరయ్యాను. "మన మాస్కాట్ అసలు ఎలా వచ్చింది మేడం? వెబ్‌సైట్లో ఒకటుంది, సీనియర్లు ఒకటి చెప్తారు, వాచ్‌మన్ ఇంకోటి చెప్తాడు" అని అడిగింది. ఆ రోజు టీ ఇచ్చి, ఏదో చెప్పి పంపించేశాను. ఈ సంగతి బయట పెట్టొద్దని నన్ను అడిగిన మనిషి పోయినేడు కన్నుమూసింది. ఇక ఆవిణ్ణి నొప్పించేది ఏమీ లేదు కనక, ఆ అమ్మాయిలాంటి కొత్తవాళ్ళ కోసం ఇప్పుడు రాస్తున్నాను.

నేను చేరిన కొత్తలో మా క్యాంపస్ అంటే కొత్తపేట అవతల రెండు బిల్డింగులు, ఒక ఆటస్థలం, చుట్టూ కొబ్బరితోటలు. ఏటిగట్టుకి దగ్గరే అయినా మెరక మీద ఉండేది. అందుకని గోదావరికి వరద వస్తే లంకల్లో వాళ్ళని పడవల మీద తెచ్చి మా దగ్గరే పెట్టేవారు. లంక అంటే ఏటి మధ్యలో ఉండే ఊరు. అక్కడి మనుషులు పశువుల్ని వదిలి ఓ పట్టాన పడవ ఎక్కరు. అధికారులు ఎంత మొత్తుకున్నా పాక దగ్గరే నిలబడతారు. పశువులు పడవలో పట్టవు. అందుకని చివరికి మెడకున్న పలుపు విప్పి నీళ్ళలోకి వదిలేస్తారు. తాడు లేని గేదె ఈదుకుంటూ పోయి ఎక్కడో ఒడ్డెక్కుతుంది. నీళ్ళు తీశాక ఎవరి గేదెని వాళ్ళు వెతుక్కుని తోలుకుపోతారు. కట్టేసి ఉన్నది గుంజ దగ్గరే మునిగిపోతుంది. లంకలో పుట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు.

మా కబడ్డీ జట్టులో అలాంటి లంకవాడు ఒకడుండేవాడు. పొట్టిగా, నల్లగా ఉండేవాడు. పట్టుకుంటే జారిపోయేవాడు. ప్రాక్టీసుకి అందరికంటే ముందొచ్చి కోర్టుకి సున్నం గీతలు వేసేవాడు. ఒక్క గీతా తిన్నగా వచ్చేది కాదు. "ఏంరా, ఈ వంకర్లేంటి?" అని నేను కేకలేస్తే, "గోదారి కూడా వంకరేనండి మేడంగారూ, దాన్నెవరూ ఏమీ అనరు" అనేవాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి కొబ్బరి పీచు మిల్లులో పనికి వెళ్ళి చదివించేది. వాళ్ళదీ మాలాగే చర్చికి వెళ్ళే కుటుంబం. వాడు డిగ్రీ అవగానే గల్ఫు వెళ్ళిపోతానని, రెండేళ్ళు కష్టపడి అమ్మకి గట్టు మీద ఇల్లు కడతానని అందరికీ చెప్పుకుంటూ ఉండేవాడు.

ఆ ఏడు వరద అనుకున్నదానికంటే ముందే వచ్చింది. వాడు తల్లిని మొదటి పడవలో తెచ్చి మా ఇండోర్ హాల్లో కూర్చోబెట్టి, మిగతా జట్టుతో కలిసి బియ్యం మూటలు మోస్తున్నాడు. అప్పుడు ఆ లంక నుంచే వచ్చిన పెద్దాయన ఒకాయన హాలు మధ్యలో నిలబడి గోల పెట్టాడు. "నా గేదెకి పలుపు విప్పలేదండీ. కంగారులో మర్చిపోయేను. మునిగిపోద్దండీ!" అని నెత్తి బాదుకున్నాడు. పెళ్ళాం పిల్లలు లేని మనిషి, ఆ గేదె ఒక్కటే ఆయన సంసారం. వాడు మూట దించి, "ఉండండి తాతగారూ, నేను విప్పేసి వచ్చేత్తాను" అన్నాడు. మిగిలినవాళ్ళని తేవడానికి పడవ ఎలాగూ మళ్ళీ వెళ్తోంది. పడవలో వెళ్ళి అదే పడవలో వచ్చేవాణ్ణి ఆపాలని ఎవరికీ తోచలేదు. తల్లి కూడా "తొరగా రా" అని మాత్రం అంది.

పడవ వచ్చింది, వాడు రాలేదు. ఏం జరిగిందో పడవవాడు చెప్పాడు. పాక దగ్గర నడుంలోతు నీళ్ళలో దిగాడు. పలుపు విప్పాడు. గేదె ఈదుకుంటూ వెళ్ళిపోయింది. వాడు వెనక్కి తిరిగి పడవకేసి వస్తుంటే కాళ్ళ కింద నేల కోసుకుపోయింది. తల ఒకసారి కనిపించి, మళ్ళీ కనిపించలేదు. నీళ్ళు ఉన్నన్నాళ్ళూ వెతికారు, తీశాక కూడా వెతికారు. శవం దొరకలేదు.

గేదె ఆ సాయంత్రమే మా ఆటస్థలం దగ్గర ఒడ్డెక్కింది. ఒళ్ళంతా ఒండ్రు. కబడ్డీ పిల్లలు దాన్ని చూసి లేచి, బకెట్లతో నీళ్ళు తెచ్చి కడగడం మొదలుపెట్టారు. ఎందుకు కడిగారంటే నేను చెప్పలేను. ఏదో ఒకటి చెయ్యకపోతే చేతులు ఊరుకోని పరిస్థితి. చివరి బకెట్ కెప్టెన్ పోశాడు. పోసి, ఆ బురదలోనే కూలబడి ఏడ్చాడు. ఎవరో దాన్ని స్తంభానికి కట్టేద్దామని తాడు తెస్తే, ఆ పిల్లలు వాడి మీద పడి కొట్టినంత పని చేశారు. "దానికి తాడెయ్యకండి. విప్పింది మావాడు" అన్నారు.

నీళ్ళు తీశాక లంకవాళ్ళు తమ పశువుల్ని వెతుక్కుంటూ వచ్చారు. ఆ పెద్దాయన కూడా వచ్చాడు. గేదె ఆయన్ని దూరం నుంచే పసిగట్టి, అరుచుకుంటూ ఎదురెళ్ళి చెయ్యి నాకింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"మాది కాదండి" అన్నాడు నాతో.

"మీదే కదండీ, అది చూడండి ఎలా వచ్చిందో" అన్నాడు పక్కనున్న పడవవాడు.

"కాదని చెప్తున్నాను కదండీ! నాది కొట్టుకుపోయింది" అని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు. గేదె గేటుదాకా వెంటపడింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. దాన్ని తోలుకుపోవాలంటే ఆ తల్లి గుమ్మం ముందు నుంచే తోలుకుపోవాలి, రోజూ ఆవిడ కళ్ళెదుటే మేపుకోవాలి. అది ఆయన వల్ల కాలేదు. నేను ఉద్యోగంలో ఎన్నో ఓటములు చూశాను గాని, ఉన్న ఒక్కదాన్నీ కాదనుకుని మనిషి అలా నడిచిపోవడం మళ్ళీ చూడలేదు. అలా ఆ గేదె మాకు మిగిలింది.

పిల్లలు దానికి "సీనియర్" అని పేరు పెట్టారు. సీనియర్ తనిష్టం వచ్చినట్టు తిరిగేది. పరీక్ష హాలు వరండాలో పడుకునేది, వాలీబాల్ నెట్ నమిలేది. దాని మెడకి తాడు వెయ్యకూడదు, ఏ జట్టు పోటీలకి వెళ్ళినా ముందు దాన్ని కడిగి వెళ్ళాలి, చివరి బకెట్ కెప్టెన్ పోయాలి. ఇవి నియమాలుగా ఎవరూ పెట్టలేదు, అలా నిలబడిపోయాయి. పలివెల నుంచి వచ్చే అమ్మాయి ఒకతె గెలిచి వచ్చినప్పుడల్లా వాళ్ళ ఊరి గుళ్ళో కొబ్బరికాయ కొట్టి, ఒక చెక్క తెచ్చి సీనియర్‌కి పెట్టేది. చూసి మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. మా గెలుపుల కంటే దాని ఒళ్ళు వేగంగా పెరిగింది.

బ్యాచులు మారాయి. కారణం తెలిసినవాళ్ళు పాసై వెళ్ళిపోయారు. కొత్తవాళ్ళు తమకి తోచిన కారణాలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. సీనియర్‌కి తాడేస్తే ర్యాగింగ్ కేసవుతుందని నవ్వుకునేవారు. వరదలో ఒక కబడ్డీ ప్లేయరు ఈ గేదె తోక పట్టుకుని గోదావరి దాటి ఇక్కడే ఒడ్డెక్కాడని, అందుకే పోటీకి ముందు దాన్ని కడుగుతామని హాస్టల్లో కథ తయారైంది. ఏ బ్యాచ్‌లో వాడు బతికాడో నాకు తెలియదు. నేను గమనించేసరికి బతికే ఉన్నాడు. విన్నప్పుడల్లా నాకు కోపం వచ్చేది. ఒకరిద్దరిని పిలిచి సరిచేశాను కూడా. వాళ్ళు "అలాగే మేడం" అని వెళ్ళి మళ్ళీ పాత కథే చెప్పేవారు.

సీనియర్ ముసలిదై ఒక వేసవిలో పోయింది. గ్రౌండు వెనకాల పాతిపెట్టాం. నేను రిటైరవడానికి కొద్దిగా ముందు, యూనివర్సిటీకి ఒక మాస్కాట్ ఉండాలని పైనుంచి మాట వచ్చింది. ఏం పెట్టాలన్నదాని మీద పెద్ద చర్చేమీ జరగలేదు, పిల్లలందరూ ఒకే మాట అన్నారు. గొడవంతా బొమ్మ వచ్చాక మొదలైంది. అప్పటి రిజిస్ట్రారుగారు ఉప్పలగుప్తం వైపు పల్లెటూరి మనిషి. గేదెకీ దున్నపోతుకీ తేడా తెలియనివాడేం కాదు.

"ఇది మగదేంటండీ?" అన్నాను బొమ్మ చూసి.

"గేదె బొమ్మేసుకుని వెళ్తే అవతలి జట్టు నవ్వదాండీ మేడంగారూ?"

"అమ్మాయిల జట్టుక్కూడా దున్నపోతేనా?"

"అది కామన్ అండి" అన్నాడాయన, చాలా మర్యాదగా. ఆ వాదనలో నేను ఓడిపోయాను. పొగ దగ్గర కూడా ఓడిపోయాను. కానీ గేటు దగ్గర పెట్టే విగ్రహం నమూనాలో మెడకి ఇత్తడి గొలుసు, దానికో గంట చూసేసరికి నాకు పట్టలేని ఆవేశం వచ్చింది. "దాని మెడకి ఏదైనా కట్టారో, నేను రాజీనామా ఇచ్చి పోతాను" అన్నాను. ఆయన బిత్తరపోయి కారణం అడిగాడు. అప్పుడు మొత్తం చెప్పాను, పెద్దాయన "మాది కాదండి" అన్నదాకా. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"గొలుసు తీయించేస్తానండి" అన్నాడు. "విగ్రహం కింద రాయి మీద జరిగిందే రాయిద్దాం. ఆ తల్లిగారి చేత ఆవిష్కరణ చేయిద్దాం. మీరే వెళ్ళి చెప్పండి."

ఆ మాటకి నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఉద్యోగం అంతా ఈలతో గడిపినదాన్ని. కాలు గీతకి తగిలితే తగిలినట్టే, ఎవరెంత ఏడ్చినా మాట మార్చేదాన్ని కాదు. వాడికి జరగాల్సిన న్యాయం చివరికి నా చేతుల మీద జరుగుతోందనుకుని, మర్నాడే ఆటో కట్టించుకుని వెళ్ళాను.

లంకవాళ్ళకి ప్రభుత్వం గట్టు మీద కాలనీ కట్టించింది. ఆవిడ అప్పుడే పీచు మిల్లు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. జుట్టులో ఇంకా పీచు ఉంది. "ఆయ్, రండి మేడంగారూ! కబురు పెడితే నేనే వద్దును కదండీ" అని కుర్చీ తుడిచి వేసింది. నేను ఉత్సాహంగా అంతా చెప్పాను. రాయి, దాని మీద వాడి పేరు, వాడు చేసిన పని, వాడు పోయిన సంగతి. ఆవిడ మొహంలో నేననుకున్న సంతోషం కనిపించలేదు.

"ఇప్పుడు పిల్లలేమనుకుంటన్నారండి?" అని అడిగింది.

"వాళ్ళకేం తెలుసమ్మా, ఏదో కల్పించుకున్నారు. మీవాడు గేదె తోక పట్టుకుని ఒడ్డెక్కాడని చెప్పుకుంటారు. ఆ తప్పు దిద్దడానికే ఇదంతా."

ఆవిడ చేతిలో చెంబు కింద పెట్టింది. "ఒడ్డెక్కేడంటన్నారాండి?"

"ఆ."

"అందరూనాండి?"

"హాస్టల్లో అందరూ అదే చెప్తారు."

"ఏటా కొత్తోళ్ళు వస్తారు కదండి. ఆళ్ళక్కూడా అలాగే చెప్తారాండి?"

చెప్తారన్నాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుస్తోందనుకున్నాను, కాదు.

"సమాధుల పండక్కి అందరూ ఆళ్ళోళ్ళ సమాధులకి సున్నాలేసి, పూలు పెట్టుకుంటారండి. నాకు లేదండి. మొదట్లో ఏడ్చేదాన్నండి, కనీసం అదైనా లేకపోయిందని. తర్వాత తర్వాత, పోన్లే, లేకపోవడమే నయమనిపించిందండి. మీరిప్పుడు రాయి మీద నాకొడుకు పోయేడని రాయించేరనుకోండి, అది సమాధే కదండి."

"అలా కాదమ్మా, వాడు చేసిన మంచిపని నలుగురికీ తెలియాలి కదా. నిజమనేది ఒకటుంటుంది."

"నిజం నాకు తెలుసు కదండీ. ఇంకోళ్ళకెందుకండి?" అంది. గొంతు పెంచలేదు. "ఆ పెద్దాయన ఇప్పటికీ మా ఈధిలోంచి నడవడండి, చుట్టూ తిరిగి పోతాడు. ఆయనొచ్చి ఆ రాయి చదువుకోవాలాండి? నాకొడుకు ఈ లోకంలో ఒక్కచోట ఒడ్డెక్కేడు. మీకు దణ్ణం పెడతాను మేడంగారూ, మళ్ళీ నీళ్ళల్లోకి తొయ్యకండి."

తిరిగి వస్తూ దారంతా నాకు కోపమే. ఆవిడ మీదా, హాస్టలు పిల్లల మీదా, అన్నిటికంటే నా మీదా. న్యాయం చేస్తానని వెళ్ళి, ఆ మనిషి దాచుకున్న ఒక్కదాన్నీ ఊడబెరకబోయాను. రిజిస్ట్రారుగారు విని, "మీ ఇష్టం మేడంగారూ" అన్నాడు. రాయి మీద కథ తీసేసి యూనివర్సిటీ పేరు మాత్రం ఉంచారు.

ఆవిష్కరణ రోజు కథ చెప్పే పని మాత్రం నాకే పడింది. గ్రౌండు నిండా పిల్లలు. కబడ్డీ జట్టు బకెట్లతో విగ్రహాన్ని కడిగింది, చివరి బకెట్ కెప్టెన్ పోశాడు. నేను పిలిస్తే ఆ తల్లి గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆవిడెవరో పిల్లలెవరికీ తెలియదు. నేను మైకు ముందు నిలబడి, వరద సంగతీ, లంక సంగతీ చెప్పాను. పలుపు ఎందుకు విప్పాలో చెప్పాను. ఒకడు నడుంలోతు నీళ్ళలో దిగి, తనది కాని గేదెకి పలుపు విప్పాడని చెప్పాను. అంతవరకూ ప్రతి మాటా నిజమే. అక్కడ ఆగాను. అంతమంది ముందు, ఎప్పుడూ తప్పు కూత కూయని నోటితో, ఆ తర్వాతి మాట చెప్పాలి. ఆవిడ నన్నే చూస్తోంది. రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుని ఉంది.

"గేదె తోక పట్టుకున్నాడు" అన్నాను. "అది వాణ్ణి లాక్కుంటూ ఈదింది. ఇద్దరూ ఇదిగో, ఈ గ్రౌండు దగ్గరే ఒడ్డెక్కారు."

పిల్లలు చప్పట్లతో గ్రౌండు అదరగొట్టారు. ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది. నేను థాంక్స్ చెప్పాల్సినవాళ్ళకి చెప్పకుండానే దిగిపోయాను.

టీలు ఇస్తుండగా కొత్తగా చేరిన కబడ్డీ అమ్మాయి ఒకతె మా దగ్గరకి వచ్చింది. జెర్సీ ఇంకా మడతలు పోలేదు. "ఆంటీగారు ఎవరండి మేడం?" అని అడిగింది. ఆవిడ నాకేసి చూసింది. నేను, "ఆ అబ్బాయి వాళ్ళమ్మగారు" అన్నాను.

"అవునాండీ!" ఆ పిల్ల కళ్ళు ఇంతింతయ్యాయి. "ఇప్పుడాయన ఎక్కడున్నారండి?"

ఆవిడ తడుముకోలేదు. మా కోనసీమలో ఏ వీధిలో ఏ తల్లినడిగినా చెప్పే మాటే, అంతే మామూలుగా చెప్పింది.

"దుబాయ్‌లో అమ్మా."

"ఫోన్ చేస్తూ ఉంటారాండి?"

"ఆయ్, ఆదివారం ఆదివారం చేస్తాడు తల్లీ. సెలవే దొరకట్లేదంట."